బోడి గుట్టే బడి అయిన చోట



ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో అడవి లేస్తుందా? చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు చూసినవాళ్లు లేస్తుందనే చెప్తారు. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు అక్కడ 32 ఎకరాల బీడు కొన్నారు. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాపలా కాశారు. వాన నీటికి అడ్డుకట్టలు వేశారు. నేలలో దాగిన వేర్లు, గింజలు వాటంతట అవే మొలిచాయి. ఆ చెట్ల మధ్యే పిల్లలకు ప్రకృతి బడి కూడా పెట్టారు.

ఇలాంటి పాఠం మన చేలోనూ పిల్లలకు చెప్పొచ్చు. ముందు ఎ-ఫ్రేమ్ చేయించండి. ఒకే పొడవున్న రెండు కర్రల పైకొసలు కలిపి కట్టి, మధ్యన అడ్డకర్ర బిగించాలి. పై ముడి నుంచి దారంతో రాయి వేలాడదీయాలి. నేల మీద నిలబెట్టి, దారం తాకిన చోట అడ్డకర్ర మీద గీత పెట్టాలి. కాళ్లు ఆ చోట్లలోనే అటుదిటు మార్చి ఇంకో గీత పెట్టాలి. రెండు గీతల నడిమి గుర్తు మీద దారం ఆగితే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా జరుపుకుంటూ వాలుకు అడ్డంగా గుర్తులు పెట్టి, ఆ వరస మీదే కందకం తవ్వాలి.

మొదటి వానకి ఆ కందకంలో నీళ్లు నిలవడం పిల్లలే చూడాలి. సేద్యమంటే అప్పు, ఎండ అని మాత్రమే తెలిసిన పిల్లలు రేపు ఈ నేలని అమ్మేస్తారు. తమ చేత్తో నీళ్లు ఆపినవాళ్లకి మాత్రం అమ్మే ముందు చెయ్యి ఆడదు.