పక్షుల లెక్క – ప్రజల పని

గోదావరి, ప్రాణహిత, కడెం నదుల నడుమ విస్తరించిన ఉత్తర తెలంగాణ అడవులు టేకుకు, వెదురుకు పేరుపొందినవి. పాత ఆదిలాబాదు జిల్లాలోని కవ్వాల్ అభయారణ్యమును 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించారు. అభయారణ్యమనగానే పులి, చిరుత, ఎలుగుబంటి మాత్రమే మనస్సుకు తోచుట సహజం. కాని ఇటీవలి సంవత్సరాలలో ఈ అడవులకు వచ్చే సందర్శకులలో కొందరు పులి కొరకు రావడం లేదు. తెల్లవారకముందే లేచి, మెడలో దుర్భిణి, చేతిలో చిన్న పుస్తకం పట్టుకొని, వాగుల వెంట, చెరువుగట్ల మీద నెమ్మదిగా నడుస్తారు. దీనినే ‘పక్షుల నడక’ అంటున్నారు. కవ్వాల్‌లోను, కాగజ్‌నగర్ అడవులలోను అటవీశాఖవారు ఇట్టి నడకలను ఏర్పాటుచేయగా, స్వచ్ఛందంగా పక్షులను పరిశీలించే ఔత్సాహికులు, విద్యార్థులు వాటిలో పాల్గొన్నారు.

ఇది వట్టి వినోదమేనా, లేక దీనివల్ల శాస్త్రానికి ప్రయోజనం కలదా? ఈ ప్రశ్నకు సమాధానం ఆ చేతిలోని చిన్న పుస్తకంలో ఉన్నది.

పక్షులను లెక్కించుట సులభమైన పని కాదు. అవి ఒకచోట నిలువవు. ఒక ఋతువులో ఉండి మరొక ఋతువులో వెళ్ళిపోతవి. ఇంత విశాలమైన దేశంలో ప్రతి చెరువు వద్ద, ప్రతి గుట్ట వద్ద ఒక శాస్త్రజ్ఞుని నియమించుట ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అందుచేతనే చాలా కాలం నుండి ఈ పనిలో సామాన్య ప్రజల సహాయం తీసుకొంటున్నారు. అమెరికాలో క్రిస్మస్ పండుగనాడు పక్షులను వేటాడే ఆచారముండేది. 1900లో ఫ్రాంక్ చాప్మన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు, ఆనాడు పక్షులను కాల్చుటకు బదులు లెక్కింపుడని పిలుపునిచ్చాడు. మొదటి సంవత్సరం 27 మంది మాత్రమే లెక్కించారు. ఆ లెక్క ఇప్పటికీ ఏటేటా జరుగుతున్నది.

మన ప్రాంతానికి వస్తే, 1931–32లో సాలిం అలీ నాటి హైదరాబాదు సంస్థానంలో పర్యటించి పక్షులను సర్వే చేశాడు. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఏర్పడినది. నేడు దక్కన్ బర్డర్స్ అనే పేరుతో పనిచేస్తున్న ఈ సంఘంవారి పత్రిక పేరు ‘పిట్ట’. ఆ పేరులో ఒక విశేషం కలదు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రంగురంగుల అడవిపక్షుల ప్రజాతి ఒకదానికి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. అది మన తెలుగు మాటయే. ఆ విధంగా తెలుగు పిట్ట ప్రపంచ శాస్త్రగ్రంథాలలో స్థానం సంపాదించినది.

ఇక లెక్కించే పద్ధతిని చూద్దాము. సూర్యోదయమైన తర్వాత రెండు, మూడు గంటలు పక్షులు మిక్కిలి చురుకుగా ఉంటవి. రాత్రియంతా ఆకలితో ఉన్నవి ఆహారం వెదకుకొంటవి, కూతలు కూస్తవి. ఎండ ముదిరిన తర్వాత ఆకుల మాటున చేరి విశ్రమిస్తవి. కాబట్టి నడక ఉదయమే ప్రారంభించవలెను. పెద్ద గుంపుగా వెళ్ళినచో పక్షులు బెదరిపోవును గనుక చిన్న చిన్న జట్లుగా విడిపోవలెను. ప్రతి జట్టులోను గుర్తించుటలో అనుభవమున్నవారు ఒకరు, వ్రాయువారు ఒకరు ఉండవలెను.

వ్రాయుటలో మూడు నియమాలు ముఖ్యం. మొదటిది: చోటు, తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు చూచినదీ తప్పక వ్రాయవలెను. పావుగంట చూచినవానికి పది రకాలు, రెండు గంటలు చూచినవానికి ముప్పది రకాలు కనబడినచో, రెండవచోట పక్షులు ఎక్కువని చెప్పుటకు వీలులేదు. అక్కడ శ్రమ ఎక్కువైనది, అంతే. రెండవది: గుర్తుపట్టిన ప్రతి పక్షినీ వ్రాయవలెను. కాకి, గోరింక మామూలువే గదా అని విడిచిపెట్టరాదు. పట్టిక పూర్తిగా ఉన్నప్పుడే ‘ఈ పక్షి ఇక్కడ కనబడలేదు’ అనే సంగతి కూడా సాక్ష్యమగును. మూడవది: గుర్తు తెలియని పక్షికి ఊహించి పేరు పెట్టరాదు. ‘తెలియలేదు’ అని వ్రాయుట శాస్త్రదృష్టికి లోపం కాదు, గుణము.

ఈ పట్టికలు ఎట్లు ఉపయోగపడునో ఒక ఉదాహరణ చూడండి. ఒక చెరువు వద్ద ఒక సంవత్సరంలో అరగంట చొప్పున 20 పట్టికలు వ్రాసినారనుకొందాము. వాటిలో 12 పట్టికలలో పాలపిట్ట ఉన్నది. అనగా అది నూటికి 60 వంతులు కనబడినది. పది సంవత్సరాల తర్వాత అదే చెరువు వద్ద, అదే పద్ధతిని మరల 20 పట్టికలు వ్రాయగా, పాలపిట్ట 6 పట్టికలలో మాత్రమే ఉన్నది. నూటికి 30 వంతులు. చెరువు వద్ద ఎన్ని పాలపిట్టలున్నవో ఎవరూ ఖచ్చితంగా లెక్కింపలేదు. అయినప్పటికీ అది అరుదగుచున్నదని తెలిసిపోయినది. ఒక్క చెరువు లెక్కలో యాదృచ్ఛికమైన తేడా ఉండవచ్చును. వేలకొలది చెరువుల నుండి, పొలాల నుండి వచ్చిన పట్టికలను కలిపి చూచినప్పుడు అట్టి తేడాలు చాలవరకు సర్దుకొని, నిజమైన మార్పు బయటపడును.

ఇది ఊహ మాత్రమే కాదు. 2023లో వెలువడిన ‘భారతదేశ పక్షుల స్థితి’ నివేదికకు ఆధారం సుమారు 30,000 మంది పక్షి వీక్షకులు నమోదుచేసిన 3 కోట్ల పరిశీలనలు. 942 జాతులను పరిశీలించిన ఆ నివేదిక, దేశంలో పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గినవని తెలిపినది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. దసరానాడు జమ్మిచెట్టుకు మ్రొక్కి, పాలపిట్టను చూచినచో శుభమని మన పల్లెలలో నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆసరాచేసుకొని కొందరు పక్షిని పట్టి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ చూపి డబ్బులు గడించుట కలదు. పొలంలో తీగమీద స్వేచ్ఛగా వ్రాలిన పాలపిట్టను వెదకి చూచుట పెద్దల ఆచారం. బంధించిన పిట్టను చూచుట కాదు. అది వన్యప్రాణి చట్టరీత్యా నేరం కూడా.

పాలపిట్టకంటే కఠినమైన కథ రాబందుది. కుమురంభీం ఆసిఫాబాదు జిల్లా పెంచికల్‌పేట అడవులలో, పెద్దవాగు ప్రక్కన నిట్టనిలువుగా నిలిచిన పాలరాపు గుట్ట ఉన్నది. ఆ గుట్ట అరలలో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొన్నట్లు 2013లో గుర్తించారు. ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలోను కనబడిన పక్షిని గుర్తించుట వార్త అగుటయే విచారకరం. 1992 నుండి 2007 వరకు దేశంలో పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు నూటికి సుమారు 97 వంతులు నశించినవి.

కారణం చాలాకాలం తెలియలేదు. 2004లో లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు ఆ రహస్యమును ఛేదించారు. పశువులకు నొప్పి, వాపు తగ్గుటకు ఇచ్చే డైక్లోఫినాక్ అనే మందు పశువు శరీరంలో కొంతకాలం నిలిచియుండును. ఆ పశువు చనిపోగా దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోవును. యూరిక్ ఆమ్లము లోపలి అవయవాల మీద తెల్లని పూతగా పేరుకొని, కొద్దిరోజులలో పక్షి మరణించును. ఇందులో ఆశ్చర్యకరమైన గణితమొకటి ఉన్నది. నూరు కళేబరాలలో ఒక్కదానికంటే తక్కువలో ఈ విషమున్నా, రాబందుల జాతి అంత వేగంగా క్షీణించుటకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఏలయనగా ఒక్క కళేబరము మీద పదుల సంఖ్యలో రాబందులు వ్రాలును. పెంటి రాబందు సంవత్సరానికి ఒకే గ్రుడ్డు పెట్టును. పిల్ల పెరిగి తాను గ్రుడ్డు పెట్టుటకు సుమారు అయిదేండ్లు పట్టును. పోయినంత త్వరగా తిరిగి రావు.

2006లో పశువైద్యంలో డైక్లోఫినాక్‌ను నిషేధించారు. దానికి బదులు మెలాక్సికాం అనే మందు రాబందులకు హాని చేయదని తేలినది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ అనే మందులను కూడా పశువులకు ఇవ్వరాదని ఉత్తరువు వెలువడినది. కాని ఉత్తరువు ఢిల్లీలో వెలువడును. సూది కొట్టములో వేయుదురు. జబ్బుచేసిన ఎద్దుకు ఏ మందు వేయించవలెనో నిర్ణయించేది రైతు, ఊరి పశువైద్యుడు. అందుచేత అభయారణ్యంలో జరిపే ప్రజాకార్యక్రమం పట్టణపు అతిథులతోనే ముగియరాదు. గుట్ట చుట్టుప్రక్కల పల్లెలలోని పశువుల కాపరులు, గృహిణులు, బడిపిల్లలు అందులో భాగస్వాములు కావలెను. ఏటా సెప్టెంబరు మొదటి శనివారం ప్రపంచమంతటా జరిపే రాబందుల దినము ఇందుకు మంచి అవకాశం. కవ్వాల్ పులుల విషయంలో ఈ మార్గము ఫలించుట చూస్తున్నాము. అక్కడ హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అటవీశాఖకు తోడుగా పనిచేస్తున్నది. స్థానిక యువకులే అడుగుజాడలు గుర్తించి, వేటగాండ్లు పన్నిన ఉచ్చులు తొలగిస్తున్నారు. అడవి గుట్టు అడవి ప్రక్కన పుట్టినవారికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు.

ఇంకొక జాగ్రత్త అవసరం. ప్రేమతో వచ్చినవారి వల్ల కూడా పక్షికి కీడు కలుగవచ్చును. గూటిలో గ్రుడ్డు ఉన్నప్పుడు గుట్ట దగ్గరకు గుంపుగా వెళ్ళినచో, తల్లి బెదరి లేచిపోవును, గ్రుడ్డు చల్లబడును. కాబట్టి దూరము నుండియే దుర్భిణితో చూడవలెను. కేకలు, పాటల పెట్టెలు, ఎగిరే కెమెరాలు పనికిరావు. గూడు ఉన్న చోటును అందరికీ చాటరాదు.

ఈ పనికి అడవి దాకా పోనక్కరలేదు. ప్రతి ఉన్నత పాఠశాలకు దగ్గరలో ఒక చెరువో, కుంటో, మర్రిచెట్టో ఉండనే ఉన్నది. సైన్సు ఉపాధ్యాయులు పదిమంది విద్యార్థులతో నెలకొకసారి, ఒకే చోట, ఒకే సమయంలో అరగంట పక్షులను చూచి పట్టిక వ్రాయించవచ్చును. దుర్భిణి లేకున్నను కొంగ, లకుముకి, గోరింక, వడ్రంగిపిట్ట కంటికి కనబడును. ఏటా ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతటా జరిగే పెరటిపక్షుల లెక్కలో ఆ పట్టికను చేర్చవచ్చును. ఊరి పెద్దలను అడిగి, తమ చిన్నతనంలో కనబడి ఇప్పుడు కనబడని పక్షుల పేర్లను వేరొక పుటలో వ్రాయించుట కూడ మంచిది. రాబందు పేరు ఎన్ని ఊళ్ళలో ఆ పుటకెక్కునో చూచినప్పుడు, విద్యార్థులకు ఈ లెక్క ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఒక్కసారి వ్రాసి మానినచో ప్రయోజనం లేదు. ఈ సంవత్సరపు పట్టికకు విలువ వచ్చేది, వచ్చే సంవత్సరం అదే చోట మరొక తరగతి పిల్లలు మరొక పట్టిక వ్రాసినప్పుడే.