జన్యులిపిలో లేఖకదోషములు - అర్బుదోత్పత్తి

తెలుగున రాచపుండని వ్యవహరింపబడిన క్యాన్సర్ వ్యాధి వెలుపలినుండి వచ్చిన శత్రువు కాదు. మన శరీరకణమే కట్టుదప్పి విభజన చెందుటవలన కలుగునది. ఇట్లు కట్టుదప్పుటకు మూలమేమి? తాళపత్రప్రతులతో పరిచయము గలవారికి ఈ విషయము సుబోధము.

కణకేంద్రమునందు ఆడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అను నాలుగే అక్షరములతో వ్రాయబడిన గ్రంథమొకటి కలదు. అదియే డి.ఎన్.ఏ. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగా దీని ప్రతులు రెండు మనకు సంక్రమించును. ఒక్కొక్కదానియందు సుమారు 300 కోట్ల అక్షరములుండును. కణము చీలుటకు ముందు గ్రంథమంతయు మరల వ్రాయబడవలెను. దొరలిన తప్పులను దిద్దు ఏర్పాటులు కణమునందే కలవు. వాని కన్నుగప్పి నిలిచిన తప్పే ఉత్పరివర్తనము. పొగాకు పొగ, ఎండలోని అతినీలలోహిత కిరణములు ఇట్టి దోషములను పెంచును. వీనిలో పెక్కు నిరపాయకరములే. విభజనను అదుపు దప్పించునవి ముఖ్యముగా రెండు విధములు.

మొదటిది విభజనను ప్రేరేపించు జన్యువున కలుగునది. ఒక మూత్రాశయ క్యాన్సర్ కణములలోని హెచ్-రాస్ జన్యువును 1982లో ప్రేమ్‌కుమార్ రెడ్డి, మరియానో బార్బసిడ్ ప్రభృతులును, రాబర్ట్ వైన్‌బర్గ్ ప్రభృతులును వేరువేరుగా పరిశీలించిరి. మూడేసి అక్షరముల పదములలో పండ్రెండవదానియందు ఒక్క గ్వానిన్‌కు మారుగా థైమిన్ కానవచ్చినది. తత్ఫలితముగా ప్రోటీనున గ్లైసిన్ స్థానమును వాలిన్ ఆక్రమించినది. విభజింపుమని ఆజ్ఞ యిచ్చి, పిదప విరమింపవలసిన ఆ ప్రోటీను విరమించుట మానినది. ఒక ప్రతియందు ఈ దోషమున్నను ఆజ్ఞ ఆగదు.

రెండవది విభజనను నిలుపు జన్యువు చెడుట. ఇచట ఒక ప్రతి చెడినను ప్రత్యంతరము కాపాడును. శిశువుల కంట పుట్టు రెటినోబ్లాస్టోమాను పరిశీలించి, వ్యాధికి రెండు దెబ్బలు కావలెనని 1971లో ఆల్ఫ్రెడ్ నూడ్‌సన్ ప్రతిపాదించెను. ఒక దోషముతో జన్మించిన శిశువునకు రెటీనాలోని ఏ కణముననైనను రెండవది తోడైన చాలును. కనుకనే తరచు రెండు కన్నులును వ్యాధిగ్రస్తములగును. దోషము లేక పుట్టిన శిశువునకు ఒకే కణమున రెండును కలుగుట అరుదు. 13వ క్రోమోజోమునందలి ఆ జన్యువు 1986లో వేరుచేయబడగా ఈ ఊహకు బలము చేకూరినది.

పెద్దలకు వచ్చు క్యాన్సర్లలో పెక్కింటికి ఒక దోషము చాలదు. ఒకే కణవంశమున ఏండ్లకొలది పలు దోషములు కూడవలెను. తప్పులున్న కణమును నిలిపివేయు పి-53 జన్యువే చెడినచో, పరిష్కర్త లేని ప్రతివలె దోషములు పెరిగిపోవును.

కావున బోధకులు రెండు మాటలు స్పష్టము చేయవలెను. 'క్యాన్సర్ జన్యువు' అనబడునది రోగమునకై పుట్టినది కాదు. కణజీవనమునకు ఆవశ్యకమైనదే చెడినది. వంశమున సంక్రమించునది సాధారణముగా వ్యాధి కాదు, మొదటి దెబ్బ మాత్రమే. ఈ భేదము తెలిసిన కుటుంబము విధిని నిందించుచు కూర్చుండక, సకాలమున పరీక్ష చేయించుకొనును.