దక్షిణ రాయలసీమ చెరువు అంచున వలస ఉల్లంకులు

తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువులు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతాయి. శ్రావణ మాసం నాటికి ఆ నీరు బాగా తగ్గి, కట్టకు ఎదుటి వైపున, వాలు తక్కువగా ఉన్న అంచులో చిత్తడి నేల బయటపడుతుంది. రైతు దృష్టిలో అది ఎండిపోతున్న చెరువు. సరిగ్గా ఆ రోజుల్లోనే సైబీరియా, ఉత్తర ఐరోపా ప్రాంతాలలో సంతానోత్పత్తి ముగించుకున్న ఉల్లంకి పిట్టలు దక్షిణాదికి చేరుకుంటాయి. అక్కడ వేసవి ముగింపు. ఇక్కడ వేరుశనగలో ఊడలు దిగే సమయం. వీటిని శీతాకాలపు అతిథులుగా పేర్కొనడం పరిపాటి అయినప్పటికీ, తొలి గుంపులు జూలై చివర, ఆగస్టులోనే కనిపిస్తాయి. ముందుగా వచ్చేవి ఈకలు అరిగిన పెద్ద పక్షులు. ఆ ఏడు పుట్టిన పిల్లలు కొన్ని వారాల తరువాత, చాలా జాతులలో తల్లిదండ్రుల తోడు లేకుండానే వస్తాయి.

మంచినీటి చెరువులలో తరచుగా కనిపించే మూడు జాతులను విద్యార్థులు ఒకటిగా పొరబడుతుంటారు. వుడ్ శాండ్‌పైపర్ వీపుపై లేత చుక్కలు, కంటిపై స్పష్టమైన తెల్లని గీత ఉంటాయి. గ్రీన్ శాండ్‌పైపర్ మరింత ముదురు రంగులో ఉండి, ఎగిరినపుడు తెల్లని తోకమూలం, నల్లని రెక్క అడుగుభాగం కనిపిస్తాయి. కామన్ శాండ్‌పైపర్ తోకను ఆపకుండా ఆడిస్తుంది. భుజం ముందు తెలుపు చొచ్చుకొని ఉంటుంది. వీటితోపాటు సుమారు 25 గ్రాముల లిటిల్ స్టింట్ కూడా రావచ్చు.

ఈ పక్షులు ఈదుతూ మేసేవి కావు. కాలి పొడవే వాటి మేత హద్దు. చిన్న జాతులకు 4 సెం.మీ. లోతు దాటిన నీరు దాదాపు నిరుపయోగం. ఇక్కడే చెరువు గర్భపు వాలు ప్రాముఖ్యం తెలుస్తుంది. 200 మీటర్ల దూరానికి 1 మీటరు దిగే వాలులో 4 సెం.మీ. లోపు నీరు 8 మీటర్ల వెడల్పు పట్టీగా పరచుకొంటుంది. అదే 2 మీటర్లకు 1 మీటరు దిగే గుంత అంచులో ఆ పట్టీ వెడల్పు 8 సెం.మీ. మాత్రమే. నీటిమట్టం రోజుకు 5 మి.మీ. తగ్గితే, మొదటి చెరువులో రోజూ 1 మీటరు కొత్త బురద బయటపడి, అందులోని పురుగుల డింభకాలు పక్షులకు అందుతాయి. రెండవదానిలో బయటపడేది 1 సెం.మీ.

యంత్రాలతో లోతుగా, నిటారుగా గుంతలు తవ్వే పూడికతీత ఈ కారణంగానే ఆందోళన కలిగిస్తుంది. పూడిక తీయవద్దని చెప్పడం మాత్రం సరికాదు. ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలల వేరుశనగ రైతుకు ఒండ్రుమట్టి నిజమైన మేలు. తేమ నిలుపుదల పెరుగుతుంది. అలాగని కట్ట పాదం వద్ద తవ్వడమూ ప్రమాదమే. 2021 నవంబరు వర్షాలకు రాయలచెరువు కట్టకు లీకేజీ ఏర్పడి, దిగువ గ్రామాల ప్రజలను తరలించవలసి వచ్చిన సంగతి ఈ ప్రాంత విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసినదే. కట్టకు తగినంత దూరం విడిచి, చెరువు నడిమి భాగం నుండి పలుచని పొరలుగా మట్టి తీసి, ఎదుటి అంచు వాలును కదపకుండా ఉంచడం ఇరుపక్షాలకూ అనుకూలం. ఆ అంచును ఆక్రమించిన సర్కారు తుమ్మను తొలగిస్తే పక్షులకు మేలు, ఎగువ నుండి వచ్చే నీటికీ దారి దొరుకుతుంది.

1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. పులికాట్ వంటి సరస్సులకు అది తగిన కాలమే గాని, ఆగస్టు, సెప్టెంబరులలో చిన్న చెరువులను ఆశ్రయించి ముందుకు సాగిపోయే పక్షులు ఆ లెక్కలోకి రావు. కళాశాల విద్యార్థులు ఒకే చెరువును పది రోజులకొకసారి, ఉదయం సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడి పరిశీలించవచ్చు. పక్షుల సంఖ్యతోపాటు తూము వద్ద నీటిమట్టం, బురద పట్టీ వెడల్పు నమోదు చేస్తేనే ఆ లెక్క వ్యవసాయ శాస్త్రానికి పనికివస్తుంది. అక్టోబరు వానలు బలంగా పడితే ఆ పట్టీ మునిగిపోతుంది; అప్పటికి నమోదు కాని వివరాలకు మరుసటి శ్రావణం దాకా ఆగవలసిందే.