మాటకారి మేనేజరు పనిమంతుడేనా?

ఆళ్లగడ్డలో విగ్రహం చెక్కే శిల్పి ఎంత మాటకారి అయినా ముక్కు చెదిరిన విగ్రహాన్ని మాటలతో అమ్ముకోలేడు. కొనేవాడి కళ్లముందే రాయి ఉంటుంది. నంద్యాలలో 1906 నుంచీ ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానంలో కొత్త వరి వంగడమో పత్తి వంగడమో తయారైతే, చూపుకు బాగుందని వెంటనే విడుదల చెయ్యరు. ముందు స్థానంలోని మళ్లలో, తర్వాత చిన్న విత్తన సంచులిచ్చి రైతుల చేలల్లో కొన్ని సీజన్లు పరీక్ష పెడతారు. ఇదే జిల్లా నుంచి హైదరాబాదు, బెంగళూరు ఆఫీసులకు వెళ్లే పిల్లలు అడుగుపెట్టే చోట ఇంత నిక్కచ్చి తూకం ఉండదు. ఒక ప్రాజెక్టు ఎవరి వల్ల నెగ్గిందో, ఎవరి వల్ల మునిగిందో తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ప్రమోషన్ల జాబితా మాత్రం ఏటా వస్తుంది. జాలీ జంకూ లేని మనుషులు ఆఫీసుల్లో పైకెక్కేది తమ సమర్థత వల్ల కాదు, ఈ ఎడం వల్లే.

సినిమాలో సైకో చేతిలో కత్తి ఉంటుంది. మనస్తత్వ శాస్త్రం చూసేది కత్తిని కాదు. పైపై ఆకర్షణ, అవలీలగా ఆడే అబద్ధం, ఎదుటివాడి బాధ అంటకపోవడం, చేసిన తప్పుకు చింత లేకపోవడం వంటి లక్షణాలన్నీ ఒకే మనిషిలో కలవడాన్ని చూస్తుంది. అమెరికా వైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లోనే ఈ మనుషులను వర్ణించాడు. తర్వాత కెనడా శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ 20 అంశాలతో ఒక కొలమానం తయారు చేశాడు. మొత్తం 40 మార్కులు. 30 గాని అంతకు మించి గాని వస్తే ఉత్తర అమెరికాలో సైకోపతీగా లెక్కిస్తారు. 2010లో పాల్ బేబియాక్, హేర్, మరొక పరిశోధకుడు కలిసి 203 మంది మేనేజర్లను, మేనేజర్లు కాబోయేవాళ్లను కొలిచారు. సుమారు 4 శాతం మంది ఆ గీత దాటారు. మామూలు జనాభాలో ఇది 1 శాతం ఉంటుందని అంచనా. ఆ 203 మందీ కంపెనీలు ఏరి పంపినవాళ్లు కాబట్టి, ప్రతి ఆఫీసులోనూ ఇంతేనని చెప్పడానికి లేదు. నాకు ఈ శాతం కన్నా ముఖ్యంగా కనిపించేది మరొకటి. మార్కులు పెరిగేకొద్దీ చక్కగా మాట్లాడతాడనీ, వ్యూహం తెలిసినవాడనీ మంచి పేరు వచ్చింది. జట్టుతో కలిసి పనిచెయ్యడంలో, పని సాధించడంలో మాత్రం రేటింగు పడిపోయింది.

అలాంటివాళ్లు పైకి వస్తున్నారంటే ఆ గుణంలో ఏదో బలం ఉన్నట్టే కదా అని అడగవచ్చు. దీనికి జవాబు 2019లో వచ్చింది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ ల్యాండే, హామ్స్, క్రెడే అనే పరిశోధకులు కలిపి లెక్కగట్టారు. ఈ గుణాలున్నవాళ్లు నాయకులుగా ముందుకు వచ్చే అవకాశం కొద్దిగా ఎక్కువ, నాయకులుగా నెగ్గుకొచ్చే అవకాశం కొద్దిగా తక్కువ అని తేలింది. రెండూ చిన్న తేడాలే. కథలు అల్లేంత పెద్దవి కావు. అందులోనూ ఆడవాళ్లకు ఈ గుణాలు మేలు చెయ్యకపోగా చెడ్డపేరు తెచ్చాయి. మగవాడు చేస్తే దిట్టతనం, ఆడది చేస్తే పొగరు అనే లోకం తీరు లెక్కల్లోకీ ఎక్కిందన్నమాట. 2016లో జర్మనీలో ఉద్యోగ జీవితం తొలిదశలో ఉన్నవాళ్లను పరిశీలిస్తే సైకోపతీ గుణాలున్నవాళ్లు జీతంలోనూ హోదాలోనూ వెనకబడే ఉన్నారు.

ఆపరేషన్ చేసే సర్జనుకు, మంటల్లోకి దూకే ఫైర్‌మన్‌కు చలించని గుండె అవసరమే కదా అన్నది మరో అభ్యంతరం. అవసరమే. కానీ భయం లేకపోవడం ఒకటి, కనికరం లేకపోవడం ఇంకొకటి. చెయ్యి వణకని సర్జనుకు రోగి మీద ఆపేక్ష ఉండవచ్చు. పరిశోధకులు కూడా తెగువను, క్రూరత్వాన్ని విడివిడిగా కొలుస్తున్నారు. తెగువ తెచ్చిన విజయాన్ని క్రూరత్వం ఖాతాలో వెయ్యడమే ఈ విషయం మీద వచ్చే పుస్తకాలలో కనిపించే పొరపాటు.

తెలుగునాట ఈ చర్చ వస్తే అందరికీ గుర్తొచ్చేది సత్యం కంప్యూటర్స్. 1987లో పుట్టిన ఆ సంస్థకు 2008 సెప్టెంబరులో సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనతో సహా 10 మందికి ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలలో పైకోర్టు దాన్ని నిలిపి బెయిలిచ్చింది. అంతమాత్రాన ఆయనకు సైకోపతీ బిళ్ల తగిలించడం తప్పు. 2005లో 108 అంబులెన్సు సేవను మొదలుపెట్టిందీ ఆయనే. చిన్నగా మొదలైన తేడా ఏటేటా పెరిగిపోయిందని ఆ లేఖే చెబుతోంది. తప్పు కప్పిపుచ్చుకోవడానికి రాతిగుండె అక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది మనిషిని కాదు, అవార్డు ఇచ్చినవాళ్లూ ఆడిటర్లూ డైరెక్టర్లూ ఏం కొలిచారన్నదాన్ని. వాళ్లు చూసింది కాగితాల మీది సొంపునే. బ్యాంకులో డబ్బు ఉందో లేదో గట్టిగా అడిగి ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

కసిరే బాసు ప్రతివాడూ సైకోపాత్ కాడు. హేర్ కొలమానాన్ని శిక్షణ పొందిన నిపుణుడు, సుదీర్ఘ ఇంటర్వ్యూతో, పాత రికార్డులతో మాత్రమే వాడాలి. టీ కొట్టు దగ్గర వాడేది కాదు. కాబట్టి జబ్బు పేరు వెతకడం మాని లెక్క మార్చడం మేలు. ప్రమోషన్ ఇచ్చే ముందు పైవాళ్లనే కాదు, అతని కింద పనిచేసినవాళ్లను, అతని జట్టు వదిలి వెళ్లినవాళ్లను అడగాలి. పోయిన ఏడాది ప్రజెంటేషన్‌ను కాక మూడేళ్ల కిందటి ప్రాజెక్టు ఇప్పుడెలా నడుస్తోందో చూడాలి. ఇక అలాంటి మేనేజరు కింద చిక్కినవాళ్లు అతన్ని మార్చాలని చూడకండి. నోటిమాటగా చెప్పిన ప్రతి పనినీ అదే రోజు ఒక మెయిల్‌గా రాసి పంపండి, ఎవరు ఏం చేశారో తేదీలతో దాచుకోండి, వీలైతే వేరే జట్టుకు బదిలీ అడగండి.