చలికి వాన తోడైతే బైక్ రైడ్ ఎంత డేంజర్? లంబసింగి వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి!

డిసెంబర్ వచ్చిందంటే చాలు.. వాట్సాప్ గ్రూపుల్లో ప్లాన్లు మొదలైపోతాయి. శుక్రవారం సాయంత్రం ఆఫీస్ అవ్వగానే హైదరాబాద్‌లో బండి తీయడం, రాత్రంతా నడపడం, తెల్లారేసరికి లంబసింగి మంచులో ఫొటో దిగడం. విశాఖ కుర్రాళ్లకైతే ఇది ఇంకా ఈజీ. అర్ధరాత్రి దాటాక బయల్దేరినా సూర్యోదయానికి కొండ మీద ఉంటారు. లంబసింగి కాకపోతే వంజంగి మేఘాలు, అదీ కాకపోతే అరకు ఘాట్ రోడ్డు.

ఈ వీడియోలు ఎన్ని చూసినా బోర్ కొట్టవు, నిజమే. కానీ వాటిలో పొగమంచు కనిపిస్తుంది, తడిసిన సాక్స్ కనిపించవు. దారిలో ఒక గంట వాన పడితే బండి నడిపేవాళ్ల ఒంట్లో ఏం జరుగుతుందో అసలే కనిపించదు.

డిసెంబర్ అంటే పొడి చలి అనుకుంటాం. కానీ ఆంధ్ర తీరానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫాన్ల కాలం కూడా. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5నే. అంటే సరిగ్గా టూరిస్ట్ సీజన్‌లో! బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే కింద మైదానంలో జల్లులు, పైన ఏజెన్సీలో ముసురు. చలి ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. వాన ఒక్కటే అయినా తట్టుకోవచ్చు. ఆ రెండింటికీ బైక్ స్పీడ్ తోడైతేనే అసలు కథ మొదలవుతుంది.

ఫోన్‌లో 10 డిగ్రీలు.. ఒంటికి ఎంత?

ఫోన్‌లో వెదర్ యాప్ 10 డిగ్రీలు చూపిస్తుంది. అది నిలబడి ఉన్న గాలి లెక్క. మీరు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే గాలి మీ ఒంటికి అంటుకున్న వెచ్చదనాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడే విండ్ చిల్ ఫార్ములా ప్రకారం 10 డిగ్రీల చలిలో 80 స్పీడ్ అంటే, కప్పుకోని ముఖానికి దాదాపు 4 డిగ్రీల్లా తగులుతుంది. గాలి 5 డిగ్రీలకు పడితే అదే స్పీడ్‌లో మైనస్ 2, మైనస్ 3లా ఉంటుంది.

ఇది పొడిగా ఉన్న చర్మం లెక్క మాత్రమే. తడిస్తే?

ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో చిన్నప్పుడు చదువుకున్నాం కదా. కుండ పైన ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. తడిసిన జీన్స్, తడిసిన హుడీతో హైవే మీద వెళ్లే మనిషి కూడా అంతే. కుండకు గాలి దానంతటది తగలాలి, బైక్ మీద మనమే గాలికి ఎదురెళ్తున్నాం. పైగా ఒంటికి అతుక్కున్న నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే గడ్డకట్టే చలి లేకపోయినా, 10-15 డిగ్రీల్లోనే తడి, గాలి కలిస్తే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడొచ్చు. దీన్నే డాక్టర్లు హైపోథెర్మియా అంటారు. శరీరం లోపలి ఉష్ణోగ్రత మామూలుగా 37 డిగ్రీలు ఉంటుంది. అది 35 కంటే కిందకు పడిపోయిందంటే ఆ స్టేజ్‌లోకి వెళ్లినట్టే.

లంబసింగికి కొర్రబయలు అనే ఇంకో పేరు ఉంది. రాత్రి ఆరుబయట ఉండిపోతే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. ఆంధ్రా కశ్మీర్ అనే పేరు టూరిస్టులు పెట్టుకున్నది. ఈ పాత పేరులో మాత్రం వార్నింగ్ ఉంది.

ముందు చేతులు.. తర్వాత బుర్ర

ఒళ్లు చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండె, మెదడును కాపాడుకునే పనిలో పడుతుంది. చేతులకు, కాళ్లకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. మామూలు మనిషికైతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అంతే. కానీ బైక్ నడిపేవాళ్లకు బ్రేక్, క్లచ్ ఉండేది ఆ వేళ్ల దగ్గరే కదా! ఎంత గట్టిగా నొక్కుతున్నామో తెలియదు. బ్రేక్ పట్టుకోవడానికి అర సెకను ఆలస్యమైతే, 60 స్పీడ్‌లో బండి 8 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. 80లో అయితే 11 మీటర్లు. ఘాట్ మలుపులో ఎదురుగా బస్సు వస్తుంటే ఆ 8 మీటర్లే తేడా.

వేళ్ల తర్వాత దెబ్బ పడేది బుర్ర మీద. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. ఎందుకంటే, నిర్ణయం తీసుకోవాల్సిన మెదడే మందగిస్తుంది కాబట్టి తాను మందగించానన్న సంగతి దానికి తెలియదు. ‘ఇంకో 30 కిలోమీటర్లే కదా, వెళ్లిపోదాం’ అనిపిస్తుంది. అది ధైర్యం అనుకుంటాం కానీ, చాలాసార్లు అది చలి మాట్లాడుతున్న మాట.

బండి మీద ఉన్నప్పుడు దీన్ని ఎలా పట్టుకోవాలి? మలుపు తిరిగాక కూడా ఇండికేటర్ ఆఫ్ చేయడం మర్చిపోతున్నారా.. గేర్లు తప్పుతున్నాయా.. ముందున్న లారీ ఎర్ర లైటునే చూస్తూ ఉండిపోతున్నారా.. ఆగినప్పుడు హెల్మెట్ క్లిప్ తీయడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించాల్సి వస్తోందా.. మాట ముద్దగా వస్తోందా? వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రైడ్ అక్కడికి ఆపేయాల్సిందే. అసలైతే అంతవరకు కూడా రానివ్వకూడదు. ఆపుకోలేని వణుకు మొదలైందంటే చాలు, బండి పక్కకు తీయాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే ‘చలి అలవాటైపోయింది’ అనుకోకండి. వణుకు అంటే ఒళ్లు వేడి పుట్టించుకోవడానికి చేసే ప్రయత్నం. అది ఆగిందంటే శరీరం చేతులెత్తేసినట్టు.

సమస్య జాకెట్‌ది కాదు.. టైమింగ్‌ది

ఈ సీజన్‌లో ఏ జాకెట్ కొనాలని అందరూ అడుగుతారు. ఏ టైమ్‌కి బయల్దేరాలని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి పెద్ద ప్రశ్న అదే.

సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున కొండ ఎక్కాలి. రోజు మొత్తంలో చలి ఎక్కువగా ఉండే టైమ్ సూర్యోదయానికి ముందే. నర్సీపట్నం దాటాక ఘాట్ ఎక్కుతుంటే చలి ఇంకా పెరుగుతుంది. మామూలుగా వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, లంబసింగి ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఇక మన బాడీ క్లాక్ విషయానికొస్తే, తెల్లవారుజామున ఒంటి వేడి తక్కువగా, నిద్రమత్తు ఎక్కువగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు అప్పటికే 500 కిలోమీటర్లకు పైగా నడిపి ఉంటారు. దారిలో వాన పడి ఉంటే బట్టలు తడి. అంటే ఒంట్లో శక్తి అయిపోయిన టైమ్‌కి రోడ్డులో కష్టమైన భాగం మొదలవుతుందన్నమాట!

కాబట్టి రాత్రికి కింద నర్సీపట్నంలోనో, విశాఖ నుంచి వెళ్తే పాడేరులోనో రూమ్ తీసుకుని పడుకోండి. బట్టలు ఆరబెట్టుకుని, వాన తగ్గిందో లేదో చూసుకుని తర్వాత ఎక్కండి. ఒక రోజు ఎక్కువ పడుతుంది, రూమ్ ఖర్చు అవుతుంది. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి రాత్రంతా తడి బట్టల్లో నడపడం ఏ లెక్కన చూసినా బేరం కాదు.

సంక్రాంతికి బస్సు టికెట్ దొరక్క హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు బైక్ మీద వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. జనవరిలో విజయవాడ హైవే మీద వాన లేకపోయినా పొగమంచు జాకెట్‌ని తడిపేస్తుంది. రాత్రి రెండింటికి కాకుండా ఎండ పడ్డాక బయల్దేరితే ట్రాఫిక్ ఉంటుంది, కానీ వేళ్లు మన మాట వింటాయి.

బట్టల్లో ఏం చూడాలి?

కాటన్ బనియన్, జీన్స్ ప్యాంట్.. చలి వానకు ఇంతకంటే చెత్త కాంబినేషన్ లేదు. కాటన్ నీళ్లు పీల్చుకుని గంటల తరబడి ఆరదు. లోపల ఒంటికి పట్టి ఉండే థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెట్టర్ లేదా ఫ్లీస్, అన్నిటికంటే పైన గాలి, నీరు దూరని పొర ఉండాలి. ఖరీదైన రైడింగ్ జాకెట్ లేకపోతే మామూలు ప్యాంటు-షర్టు టైప్ రెయిన్‌కోట్ అయినా ఆ పైపొర పని చేస్తుంది. వాన లేకపోయినా వేసుకోవచ్చు, గాలిని ఆపుతుంది. తడిశాక వేసుకుంటే మాత్రం లాభం సగమే. మబ్బు కనిపించినప్పుడే ఆగి తొడుక్కోవాలి. దుప్పటిలా కప్పుకునే రెయిన్‌కోట్ బైక్‌కి వద్దు, గాలికి ఎగిరి చైన్‌లోనో చక్రంలోనో పడుతుంది. చున్నీలు, మఫ్లర్లు కూడా జాకెట్ లోపలే ఉండాలి.

పాతకాలం చిట్కాలు కొన్ని ఇప్పటికీ పనికొస్తాయి. జాకెట్ లోపల ఛాతీ మీద మడిచిన న్యూస్‌పేపర్ పెట్టుకుంటే గాలిని బాగా ఆపుతుంది. షూ వాటర్‌ప్రూఫ్ కాకపోతే సాక్స్ మీద ప్లాస్టిక్ కవర్ తొడిగి షూ వేసుకోవచ్చు. గ్లవ్స్ మీద రెయిన్‌కోట్ చేతులు ఉండేలా చూసుకోండి, లేదంటే చేతి మీదుగా కారిన నీళ్లన్నీ గ్లవ్స్‌లోకే పోతాయి. ఒక జత పొడి సాక్స్, ఒక జత గ్లవ్స్, ఒక బనియన్ ప్లాస్టిక్ కవర్లో కట్టి బ్యాగ్‌లో పడేయండి. దారిలో వాటి విలువ తెలుస్తుంది.

హెల్మెట్ లోపల మందపాటి మంకీ క్యాప్ పెట్టుకోవడం మనోళ్లకు బాగా అలవాటు. దానివల్ల హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. ముక్కు మీదుగా కర్చీఫ్ కట్టుకుంటే ఊపిరి పైకి తన్ని అద్దం మసకబారుతుంది. పల్చటి మాస్క్ లాంటి బాలాక్లావా వాడి, వైజర్‌ని ఒక గీత తెరిచి ఉంచితే చాలావరకు సరిపోతుంది.

రోడ్డు మీద వరి కుప్పలు

తడి రోడ్డు జారుతుందని అందరికీ తెలుసు. తెల్ల గీతలు, వంతెనల మీద ఇనుప జాయింట్లు, రైల్వే క్రాసింగ్‌లు మరీ జారతాయి. కానీ మన దగ్గర ఈ సీజన్‌లో ఇంకోటి ఉంది. నవంబర్, డిసెంబర్ అంటే కోతల టైమ్. కళ్లాలు లేక రైతులు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. వాన వస్తుందంటే కుప్ప చేసి టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో నల్ల టార్పాలిన్ దగ్గరికొచ్చేదాకా కనిపించదు. ఆ పక్కనే ట్రాక్టర్ చక్రాల నుంచి రాలిన బురద. రాత్రి పల్లె రోడ్ల మీద స్పీడ్ తగ్గించడానికి ఈ ఒక్క కారణం చాలు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైక్‌లకు ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం లాక్ అవ్వకుండా చూస్తుంది కానీ అరిగిపోయిన టైరుకు పట్టు ఇవ్వలేదు. మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది, లో బీమ్‌లోనే వెళ్లాలి.

వెనక కూర్చున్నవాళ్లను మర్చిపోవద్దు

బండి నడిపేవాళ్లు కనీసం చేతులు, కాళ్లు కదుపుతుంటారు. వెనక కూర్చున్నవాళ్లకు ఆ పని కూడా ఉండదు కాబట్టి తొందరగా చల్లబడతారు, కునుకు కూడా పడుతుంది. వాళ్లతో మాట్లాడుతూ ఉండండి. జవాబు రావడం ఆలస్యమైతే వెంటనే ఆపండి. పిల్లల్ని మాత్రం ఇలాంటి రాత్రి ప్రయాణాలకు బైక్ మీద తీసుకెళ్లొద్దు, వాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల కంటే త్వరగా చల్లబడుతుంది.

ఆగాక ఏం చేయాలి?

చలి వానలో గంటకోసారి ఆగడం మంచిది. టీ తాగితే వెచ్చగా అనిపిస్తుంది, కానీ తడి బట్టలు మార్చకుండా ఎన్ని టీలు తాగినా పెద్దగా ఉపయోగం లేదు. ముందు తడివి తీసేయాలి, ఆ తర్వాతే టీ. చక్కెర వేసిన టీ, అరటిపండు, పల్లీ చిక్కీ, ఇడ్లీ.. ఏదో ఒకటి తినాలి, ఎందుకంటే వణకడానికి కూడా ఒంటికి శక్తి కావాలి. చలికి దాహం వేయదు కానీ నీళ్లు తాగాలి.

తిమ్మిరెక్కిన చేతుల్ని సైలెన్సర్ మీద, ఇంజిన్ మీద పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. స్పర్శ లేని చెయ్యి కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకుంటే చాలు. ‘ఒక పెగ్గేస్తే వెచ్చబడతాం’ అనేది ఇంకో పెద్ద భ్రమ. మందు తాగితే చర్మం కిందకు రక్తం వచ్చి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటకు పోతుంది. బండి నడపకూడదన్న సంగతి సరేసరి.

మీతో వచ్చినవాళ్లు తడబడుతూ మాట్లాడుతున్నా, మగతగా ఉన్నా, వణుకు ఆగిపోయి డల్‌గా కూర్చున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నల్ అందదు కాబట్టి సాయం చివరి టీ కొట్టు దగ్గరే అడగడం మేలు. అంబులెన్స్ వచ్చేలోపు గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడి దుప్పటి చుట్టండి. కింద కూడా ఏదైనా పరచాలి, నేల వేడిని లాగేస్తుంది. వెచ్చదనం ముందుగా ఛాతీకి, మెడకు అందాలి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దొద్దు, లేపి నడిపించొద్దు. పూర్తిగా స్పృహలో ఉండి మింగగలిగితేనే వెచ్చని తీపి టీ పట్టండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు.