దుంగలో దాగిన ఇనుము

కోత మధ్యలో రంపం మేకును తాకితే వచ్చే చప్పుడు ఒక్కసారి విన్నా మరపు రాదు. అప్పటిదాకా ఒకే శ్రుతిలో నడిచిన బ్యాండ్ రంపం ఉన్నట్టుండి కీచుమంటుంది, పొట్టులో నాలుగు నిప్పురవ్వలు మెరుస్తాయి. మీట వెనక్కి లాగేసరికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

ఆ నష్టం ఎంతటిదో లెక్క కట్టవచ్చు. చిన్న సామిల్లుల్లో వాడే రంపపు పట్టీ చుట్టుకొలత సుమారు 4 మీటర్లు, వెడల్పు 32 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరుకు కాస్త పైన. పంటికీ పంటికీ మధ్య 22 మిల్లీమీటర్లు వేసుకుంటే పట్టీ మొత్తానికి 180 పళ్ళు. అది సెకనుకు 25 మీటర్ల చొప్పున పరుగెడుతుంది. రంపం దుంగలోకి నిమిషానికి 10 మీటర్లు చొరబడుతోందనుకుందాం. 3 మిల్లీమీటర్ల లావు మేకు అడ్డంగా తగిలితే ఇరవై పళ్ళ దాకా దెబ్బతింటాయి. అదే 8 సెంటీమీటర్ల మేకు కోత దారిలో పొడుగునా పడుకుని ఉంటే దాన్ని దాటడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో పట్టీ మూడు చుట్లు తిరుగుతుంది. ఇక 180 పళ్ళలో ఒక్కటీ పదునుగా మిగలదు.

పట్టీ తెగకపోయినా ముప్పు తప్పినట్టు కాదు. రంపపు పళ్ళను ఒకటి పైకీ ఒకటి కిందికీ కాస్త వంచి ఉంచుతారు. పట్టీ మందం కన్నా కోత సందు వెడల్పుగా ఉంటేనే రంపం ఇరుక్కోకుండా నడుస్తుంది మరి. మేకు తగిలి ఒకవైపు పళ్ళు ఎక్కువ అరిగాయంటే రంపం రెండోవైపుకు లాగడం మొదలుపెడుతుంది. పలక అలలు తేలుతుంది. మంచి చేవ ఉన్న దుంగ నుంచి మందం సమంగా లేని చెక్క వస్తుంది. కోతగాడికి పట్టీ పోయిన బాధ కన్నా ఇదే ఎక్కువ బాధ.

అసలు మేకు దుంగ లోపలికి ఎలా చేరుతుంది? చెట్టుతో పాటు మేకు కూడా ఏటేటా పైకి పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చెట్టు పొడుగు పెరిగేది కొమ్మల చివర్లలోనే. మాను మాత్రం లావెక్కుతుంది. బెరడు కింద ఉండే పలుచని జీవపొర ఏటా తనకు లోపలివైపు ఒక కలప పొర చేరుస్తుంది, పాత కలప ఉన్నచోటే ఉండిపోతుంది. ఛాతీ ఎత్తులో కొట్టిన మేకు ముప్పై ఏళ్ళ తర్వాతా అదే ఎత్తులో ఉంటుంది. కాకపోతే ఏడాదికి 3 మిల్లీమీటర్ల చొప్పున కలప చేరితే, దాని తల ఇప్పుడు 9 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. పైన బెరడు నున్నగా మూసుకుపోయి, కంటికి ఏ ఆనవాలూ దొరకదు.

అమెరికాలో ఈ సమస్య ముదరడానికి ముళ్ళతీగ ఒక కారణం. 1874లో ఇలినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంట్ పొందాక పొలాల గట్ల మీద చెట్లే కంచె గుంజలయ్యాయి. ఇళ్ళ ముందు చెట్లకు బట్టలారేసే తాళ్ళ కొక్కేలు, ఉయ్యాల బోల్టులు, పక్షి గూళ్ళ మేకులు. పెద్ద మిల్లులు పెరటి చెట్ల దుంగలను చాలావరకు తీసుకోవు. అవి చేరేది చిన్న మిల్లుల వాళ్ళ దగ్గరికే. వాళ్ళలో చాలామంది రంపం పాడైతే పట్టీ ఖరీదు మీదేనని దుంగ తెచ్చినవాళ్ళతో ముందే చెప్పుకుంటారు. అది న్యాయమైన షరతేనని నా అభిప్రాయం. ఇక ఫ్రాన్సులో వెర్డన్ చుట్టుపక్కల, వోజ్ కొండల్లో చెట్లలో దిగబడినవి మొదటి ప్రపంచ యుద్ధపు గుండ్ల ముక్కలు. ఆ అడవుల కలపకు నూరేళ్ళ తర్వాతా ధర తగ్గించే కొంటారు.

ఇనుము కొన్నిసార్లు తన ఉనికిని తానే చాటుకుంటుంది. ఓక్ వంటి వగరు కలపలో టానిన్లు ఎక్కువ. పచ్చి మాను తడికి మేకు తుప్పుపట్టి ఇనుము కరిగితే, అది టానిన్లతో కలిసి నీలిమందు లాంటి నలుపు పుడుతుంది. ఆ మరక కలప నారల వెంట పైకీ కిందికీ పాకుతుంది, అందువల్ల దుంగ కొసన నల్లమచ్చ కనిపిస్తే లోపల ఎక్కడో ఇనుము ఉందని అర్థం. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఈ రసాయనం వెన్నతో పెట్టిన విద్య. కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుప ముక్కలు బెల్లంనీళ్ళలో ఊరబెట్టిన ద్రావణంతో గీత గీస్తే కాసేపట్లోనే అది నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నదీ ఓక్ కలపలో ఉన్నదీ టానిన్లే. అయితే మరక దుంగ కొసదాకా పాకకపోవచ్చు, వగరు లేని కలపలో అసలు పుట్టకపోవచ్చు. కంటిని నమ్ముకుంటే సరిపోదు.

ఇక్కడే మెటల్ డిటెక్టర్ కథలోకి వస్తుంది. దాని పుట్టుకకు సామిల్లుతో సంబంధం లేదు. 1831లో మైకేల్ ఫారడే, అయస్కాంత క్షేత్రం మారినప్పుడు దగ్గరున్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని కనిపెట్టాడు. 1841లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త హైన్‌రిష్ విల్‌హెల్మ్ డోవ ఆ సూత్రంతో రెండు జతల చుట్టల పరికరం తయారుచేశాడు. 1879లో లండన్‌లో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ దానికి టెలిఫోన్ రిసీవర్ తగిలించాడు. రెండు జతల చుట్టలూ సమంగా ఉన్నంతసేపు తక్కెడ ముల్లు నిలిచినట్టు రిసీవర్ మౌనంగా ఉంటుంది. ఒక జత పక్కన నాణెం పెడితే చాలు, సమతూకం చెడి రిసీవర్ మోగుతుంది. లోహంలో సుడులు తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, అవి తమ సొంత అయస్కాంత క్షేత్రంతో ఎదురు నిలవడమే దానికి కారణం. ఇనుమైతే దీనికి తోడు క్షేత్రాన్ని తనలోకి లాక్కుంటుంది కూడా.

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రేలు కనిపెట్టడానికి ఇంకా పద్నాలుగేళ్ళు ఉంది. వైద్యులు వేళ్ళతో, సలాకలతో గాయంలో వెతుకుతున్నారు. ఆ సంగతి విన్న అలెగ్జాండర్ గ్రాహంబెల్, హ్యూస్ తక్కెడను తూటా వెతికే పరికరంగా మార్చడానికి తన సహాయకుడు సమ్నర్ టెయింటర్‌తో కలిసి రాత్రింబవళ్ళు పనిచేశాడు. అంతర్యుద్ధంలో తూటాలు తగిలి వాటిని ఒంట్లోనే మోస్తున్న పాత సైనికుల మీద పరీక్షించాడు. పరికరం పనిచేసింది.

అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం ఫలించలేదు. జులై 26న ఒకసారి, ఆగస్టు 1న మరోసారి బెల్ ప్రయత్నించాడు. తూటా కుడివైపే ఉందని ప్రధాన వైద్యుడు విల్లర్డ్ బ్లిస్ నమ్మకం కనుక వెతకనిచ్చింది ఆ వైపే. రెండోసారి విశాలమైన మేర అంతటా సన్నని ధ్వని వినిపించింది, ఒక్కచోట నిలవలేదు. పరుపు కింద ఉక్కుతీగల మరో పరుపు ఉందని బెల్‌కు తర్వాత తెలిసింది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. శవపరీక్షలో తూటా ఎడమవైపు, లోతున దొరికింది. శరీరం దాని చుట్టూ పొర కట్టి మూసేసింది.

ఆ గదిలో బెల్‌ను దెబ్బతీసినవి మూడు: పక్కనున్న వేరే లోహం, ఒక వైపే వెతకడం, లోతు. దుంగ ముందు నిలబడిన కోతగాడి అడ్డంకులు కూడా సరిగ్గా ఇవే. ఆ తర్వాత నూట నలభై ఏళ్ళలో పరికరం ఎంత మారినా వీటిలో ఏదీ పూర్తిగా పోలేదు.

మార్పులు మాత్రం గొప్పవే. జర్మనీ నుంచి కాలిఫోర్నియా వచ్చిన గెర్‌హార్డ్ ఫిషర్ విమానాలకు రేడియోతో దిక్కు తెలిపే పరికరాల మీద పనిచేస్తూ, దగ్గర్లో లోహం ఉంటే రీడింగ్ తప్పుతోందని గమనించాడు. ఆ తప్పునే పనికొచ్చేలా మలిచి, 1937లో మనిషి మోసుకుపోగల డిటెక్టర్‌కు పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లాండ్‌లో ఉన్న పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కి మందుపాతరలు పసిగట్టే డిటెక్టర్ తయారుచేశాడు. బరువు 14 కిలోల లోపే. 1942 అక్టోబరులో ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర బ్రిటిష్ సైన్యం ఇలాంటివి 500 వాడింది. ఆయన పేటెంట్ తీసుకోకుండా పరికరాన్ని బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. ఈ యంత్రం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి ఆయనే. యుద్ధం ముగిశాక మిగులు డిటెక్టర్లు మామూలు జనానికి అమ్ముడుపోయాయి. వాక్యూమ్ ట్యూబుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాక వీపున మోసే పెట్టె పోయి చేతిలో పట్టే కర్ర అయింది. 1982లో ఇండియానాపోలిస్‌లో మొదలైన ఉడ్‌మైజర్ వంటి కంపెనీలు ట్రాలీ మీద లాక్కెళ్ళే బ్యాండ్ మిల్లులు అమ్మడంతో పెరటి చెట్టు కోసే చిన్న కోతగాళ్ళు పెరిగారు, వాళ్ళకు ఈ కర్ర అవసరమైంది.

దీని చూపు ఎంత లోతు పోతుంది? చిన్న చుట్ట పంపే అయస్కాంత క్షేత్రం, చుట్టకు దూరంగా వెళ్ళేకొద్దీ దూరపు ఘనానికి తగ్గట్టు పలుచనవుతుంది. మేకు నుంచి తిరిగొచ్చే క్షేత్రమూ అంతే. రెండూ గుణిస్తే ఆరో ఘాతం. లోతు రెట్టింపైతే సంకేతం 64 రెట్లు తగ్గుతుంది, మూడింతలైతే 729 రెట్లు. బ్యాటరీ పెంచినా, శబ్దం పెంచినా ఈ లెక్క మారదు. చుట్ట పెద్దదైతే లోతు అందుతుంది, కానీ చిన్న మేకు దాని చూపులో కలిసిపోతుంది. చుట్ట చిన్నదైతే మేకు స్పష్టంగా దొరుకుతుంది, లోతు అందదు. అందుకే సరిగ్గా పనిచేయాలనుకునేవాళ్ళు రెండూ ఉంచుకుంటారు: పెద్ద చుట్ట ఉన్న కర్ర ఒకటి, వేలెడు మొన ఉన్న చేతి సలాక ఒకటి.

దుంగను మిల్లు మీదికి ఎక్కించాక పెద్ద చుట్టతో వెతకడం వృథా. కింద ఉక్కు బల్ల, పక్కన ఉక్కు బిగింపులు. బెల్‌కు పరుపు అడ్డుపడినట్టే ఇక్కడ మిల్లే అడ్డుపడుతుంది. నేల మీదే, చెక్క దిమ్మెలపై పెట్టి చూడాలి. ఇనుప మూతి బూట్లు విప్పాలి. బెరడు మీద చుట్టను ఆనించి, బాట మీద బాట పడేలా నెమ్మదిగా నడిపి, దుంగను దొర్లించి నాలుగు వైపులా చూడాలి. మోగినచోట సుద్దతో గుర్తు పెట్టి, సలాకతో కచ్చితమైన చోటు పట్టుకుని, ఉలితో తవ్వి తల బయటపెట్టి లాగేయాలి. సీసపు తూటా అయితే అంత కంగారు అక్కర్లేదు, అది మెత్తన, రంపం దాన్ని కోసుకుంటూ పోతుంది. ఇనుప బోల్టు అలా వదలదు.

డిటెక్టర్ చేతకానిచోటూ ఒకటుంది. పాత కంచెల పింగాణీ ఇన్సులేటర్లు, చెట్టు తొర్రలో పోసిన సిమెంటు, బెరడు పట్టిన రాయి. వీటిలో విద్యుత్తు పారదు కనుక చుట్టకు అవి లేనట్టే. ఈ లోపాన్ని కావాలని వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. 1980లలో అమెరికా పశ్చిమ తీరంలో అడవుల నరికివేతను ఆపాలని కొందరు చెట్లలో పెద్ద మేకులు దిగగొట్టారు, డిటెక్టర్‌కు చిక్కకుండా పింగాణీవి వాడాలన్న ఆలోచనా నడిచింది. 1987 మేలో కాలిఫోర్నియాలోని క్లోవర్‌డేల్‌లో ఒక మిల్లు రంపం అలాంటి ఇనుప మేకును తాకి తెగి, ఇరవై మూడేళ్ళ కార్మికుడి దవడ విరగ్గొట్టింది. ఆ చెట్టులో మేకు దించింది ఎవరన్నది తేలలేదు. అడవిని కాపాడాలన్న ఆవేదన నాకు అర్థమవుతుంది. ఆ యువకుడి ముఖాన్ని పణంగా పెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వం చెట్లలో ఇలా మేకులు దించడాన్ని నేరంగా ప్రకటించింది.

పెద్ద మిల్లులు దుంగను కన్వేయర్ మీద తీగచుట్టల సొరంగంలోంచి పంపుతాయి, ఆ భాగంలో కన్వేయర్ చుట్టూ లోహం లేకుండా కడతారు. యూరప్, ఉత్తర అమెరికాల్లో కొన్ని మిల్లులు ఎక్స్‌రేలతో దుంగ లోపలి ముడులు, రాళ్ళు, ఇనుము అన్నీ చూస్తున్నాయి. అవి చిన్న కోతగాడికి అందే ధరలు కావు. అతని చేతిలో ఉన్నది ఆ కర్ర, ఆ సలాక, ఆరో ఘాతపు లెక్క.

ఆ లెక్కను తనకు అనుకూలంగా తిప్పుకునే దారి అతనికి ఉంది. మొదటి బద్ద తీసేశాక రంపం ఆపి, కొత్తగా తేలిన ముఖం మీద చిన్న సలాకతో మళ్ళీ వెతకాలి. చిన్న చుట్ట చూపు దగ్గరిదాకానే కనుక కిందున్న ఉక్కు బల్ల దానికి అడ్డురాదు. ఒక్కో కోతకు 5 సెంటీమీటర్ల కలప పోతుందనుకుంటే, మొదట 20 సెంటీమీటర్ల లోతున వినిపించని మేకు రెండు కోతల తర్వాత 10 సెంటీమీటర్లలో ఉంటుంది, సంకేతం 64 రెట్లు పెరుగుతుంది. మరో కోత అయ్యాక 5 సెంటీమీటర్లు, మొదటికి 4,096 రెట్లు. ఆపి వెతికేందుకు కోతకు అర నిమిషం పడుతుంది. చెడిన పట్టీ మార్చి, కొత్తది బిగించి, సరిచూసుకోవడానికి పట్టే సమయం అంతకు చాలా ఎక్కువ. ఈ అర నిమిషం ఓపిక పట్టే కోతగాళ్ళ పట్టీలు మళ్ళీ మళ్ళీ నూరించుకుని వాడేంత కాలం నిలుస్తాయి.