ఒక కన్ను మూసి చూడమనండి

"నాన్నా, బోర్డు కనబడటం లేదు" అని పిల్లవాడు ఇంటికొచ్చి చెప్పాడంటే ఆ ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. చాలామంది చెప్పరు. దాచిపెట్టి కాదు, తమకు ఎంత మసగ్గా కనబడుతోందో లోకంలో అందరికీ అంతే అనుకుంటారు. ముందు బెంచీకి జరుగుతారు, పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటారు, టీవీకి ఆనుకుని కూర్చుంటారు. ఆ మూడింటికీ మనం తిడతాం. ఆపైన నింద ఫోన్ మీద వేస్తాం.

ఆ నిందలో కొంత నిజం ఉంది. కానీ గడువు దాటితే చూపు తిరిగిరాని జబ్బులు కొన్ని పిల్లల్లో ఉన్నాయి, వాటికి ఫోన్‌తో సంబంధమే లేదు.

అందులో మొదట చెప్పుకోవలసింది లేజీ ఐ. ఒక కంటికి నంబరు బాగా ఎక్కువున్నా, మెల్ల ఉన్నా, పుట్టుకతో శుక్లం ఉన్నా మెదడుకు పొంతన లేని రెండు బొమ్మలు అందుతాయి. అది స్పష్టమైనదాన్ని ఉంచుకుని మసకదాన్ని పక్కన పెట్టేస్తుంది. కొన్నేళ్ళు అలా గడిస్తే ఆ కంటితో చూడటం మెదడుకు అలవాటే కాదు. తర్వాత ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా లాభం అంతంతమాత్రమే. 1960లలో హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటిరెప్పను కొంతకాలం కుట్టి ఉంచి, తర్వాత తెరిచి చూశారు. కన్ను బాగానే ఉంది. మెదడులో ఆ కంటికి స్పందించే కణాలే దాదాపు మిగల్లేదు. పెద్ద పిల్లుల్లో ఇలా జరగలేదు. చూపు మీద చేసిన ఇలాంటి పరిశోధనలకు 1981లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

రెండో కన్ను బాగున్న పిల్లవాడు బంతి పట్టుకుంటాడు, సైకిలు తొక్కుతాడు, మార్కులూ తెచ్చుకుంటాడు. ఎవరికీ అనుమానం రాదు. అందుకని ఒక ఆదివారం పొద్దున ఒక్కో కన్నూ మూసి, దూరంగా గోడ మీది క్యాలెండర్ అంకెలు చదివించండి. మూసే చెయ్యి మీదే అయి ఉండాలి, వాళ్ళ చేతిని నమ్మితే వేళ్ళ సందుల్లోంచి చూసేస్తారు. అంకెలు రాని పసివాళ్ళు ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూయగానే గోలచేసి చెయ్యి తోసేస్తే డాక్టరుకు చూపించాలి.

వైద్యం వినడానికి తేలిక. కావలసిన అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయడం. అసలు పరీక్ష అమ్మానాన్నలకే. బాగా కనబడే కన్ను మూస్తే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు? ఏడేళ్ళలోపు మొదలైతే ఫలితం బాగుంటుంది. ఆ వయసు దాటినా ప్రయత్నం మానకూడదు. మెల్లకన్ను అదృష్టమనీ, పెద్దయితే అదే సర్దుకుంటుందనీ చెప్పే పెద్దల మాట సరిగ్గా ఈ గడువునే తినేస్తుంది. నాలుగైదు నెలలు నిండాక కూడా బిడ్డ చూపు మెల్లగానే ఉంటే, అది వెంటనే చూపించవలసిన సంగతి.

ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే మాత్రం వారం కూడా ఆగకూడదు. అది శుక్లం కావచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలకు ఎక్కువగా వచ్చే కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా కూడా కావచ్చు. తొందరగా దొరికితే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. మనం రోజూ తిట్టే ఫోనే ఇక్కడ ముందుగా పట్టిస్తుంది! నెలలు నిండక పుట్టిన బిడ్డల రెటీనాకు వచ్చే జబ్బులో మొదట్లో అలాంటి ఆనవాలు కూడా బయటికి కనబడదు. 34 వారాలలోపు పుట్టినా, రెండు కిలోలకన్నా తక్కువ బరువున్నా, నెల తిరక్కముందే రెటీనా పరీక్ష చేయించాలి.

ఇక ఫోన్ సంగతి. మైనస్ నంబరంటే కనుగుడ్డు వెనక్కి సాగి పొడవవడం. ఒక్క మిల్లీమీటరు సాగితే దాదాపు రెండున్నర నంబరు పెరుగుతుంది, సాగింది మళ్ళీ వెనక్కి రాదు. దగ్గరి చూపు పని ఎక్కువైతే ముప్పే. అయితే ఫోన్ లాక్కుని అదే గదిలో ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం చేతిలో పెడితే కంటికి ఒరిగేది పెద్దగా లేదు. కంటికి కావలసింది పగటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల ఒకటో తరగతి పిల్లల మీద ప్రయోగం చేశారు. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ పెట్టారు. మూడేళ్ళకు ఆ బడుల్లో 30.4 శాతం మందికి మైనస్ వచ్చింది, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి. తైవాన్ 2010 నుంచీ బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే పనిలో ఉంది. మన దగ్గర మైదానం లేని అపార్టుమెంటులో బడి, అందులో ఉన్న ఒక్క ఆటల పీరియడ్‌నూ లెక్కల మాస్టారు లాగేసుకోవడం. ఫోన్‌తో పాటు టైమ్‌టేబుల్‌నూ బోనెక్కించాలి.

పొన్నగంటి కూర, మునగాకు తింటే అద్దాలు పోతాయా? పోవు. విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటికి ఆకుకూరలు మేలు చేస్తాయి, సాగిన కనుగుడ్డును కురచ చేయలేవు.

ఎండాకాలం వస్తే కొందరు పిల్లలు కళ్ళు ఎర్రగా నులుముకుంటూ తిరుగుతారు. అది అలర్జీ. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు ఒక పూటలో హాయినిస్తాయి, అందుకే ఏటా అదే సీసా కొంటారు. నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా, శుక్లం రావచ్చు. నులుముడు ఆపకపోతే నల్లగుడ్డు ముందుభాగం పలచబడి ముందుకు పొడుచుకురావచ్చు.

ఇక ప్రభుత్వాల వంతు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు అనే కంటి పరీక్షల పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరు 10న మొదలైన పథకం ముందుగా బడిపిల్లల కళ్ళే చూసింది. మంచి పనే. కానీ పెరిగే పిల్లల నంబరు క్యాంపుల కోసం ఆగదు, ఏడాదికే మారిపోవచ్చు. ఆలోగా ఫ్రేము విరుగుతుంది, లేదా క్లాసులో 'సోడాబుడ్డి' అన్నారని అద్దాలు బ్యాగు అడుక్కి చేరతాయి. ఆడపిల్లయితే పెళ్ళిసంబంధాల లెక్కతో ఇంట్లోవాళ్ళే తీయించేస్తారు. అద్దాలు పెడితే నంబరు పెరుగుతుందనే భయం ఒకటి. మలేసియాలో కొందరు పిల్లలకు కావాలనే తక్కువ నంబరు అద్దాలిచ్చి చూశారు. సరైన నంబరు పెట్టుకున్నవాళ్ళకన్నా వాళ్ళకే మైనస్ ఎక్కువ పెరిగిందని 2002లో తేలింది.